ముప్పై ఏళ్ళు తినగలిగే తిండి

(తెనాలిలో విశ్రాంత ఉద్యోగుల నెలవారీ సమావేశంలో ఒక జనరల్ ఫిజీషియన్ చేసిన ప్రసంగానికి అక్షర రూపం. చివర సభ్యులు అడిగిన కొన్ని ప్రశ్నలు.)

అందరికీ నమస్కారం. వెనక వరసకు వినిపిస్తోందా అండీ? వినపడకపోతే మొహమాటం లేకుండా చెయ్యెత్తండి. చెవులు తగ్గుతున్నా మిషను పెట్టుకోకుండా నెట్టుకొచ్చేవాళ్ళకు మతిమరుపు ముప్పు ఎక్కువ. ఇవాళ్టి విషయం తిండి కాబట్టి ఆ సంగతి ఇంకోసారి.

కార్యదర్శిగారు ఫోన్ చేసి "డాక్టరుగారూ, జ్ఞాపకశక్తిని పెంచే ఆహారం గురించి ఒక గంట మాట్లాడండి" అన్నారు. "పెంచేది ఏదీ నాకు తెలీదండీ, ఉన్నదాన్ని కాపాడుకునే తిండి గురించయితే చెప్తాను" అన్నాను. సరేనన్నారు. కరపత్రంలో మాత్రం "జ్ఞాపకశక్తిని పెంచే ఆహారం" అనే వేయించారు. (నవ్వులు) ఆయన తప్పేం లేదు, కాపాడుకునేది అంటే ఇంతమంది వచ్చేవాళ్ళు కాదు.

పోయిన వారం ఒక పెద్దాయన నా దగ్గరకు వచ్చి ఫోను తీసి చూపించారు. వాల్‌నట్ ఫొటో, పక్కన మెదడు ఫొటో. రెండూ ఒకేలా ఉన్నాయి కాబట్టి అది దీనికి మంచిదట. ఆ లెక్కన జీడిపప్పు మూత్రపిండంలా ఉంటుంది, డయాలిసిస్ మానేసి జీడిపప్పు ఉప్మా పెట్టాలి. వాల్‌నట్ మంచిది కాదని నేననను. కానీ కిలో ధర చూశారా? ఆయన పెన్షన్‌లో రోజూ నాలుగు తింటే ఇంట్లో పప్పూ కూరా తగ్గుతాయి. నెల తింటారు, మానేస్తారు. మానేసే తిండి మెదడుకు అక్కరకు రాదు. నేను చెప్పదలుచుకున్నది నిజానికి ఈ ఒక్క మాటే. మిగతా గంటా దానికి వివరం.

మెదడు బరువు ఒంటి బరువులో నూటికి రెండు వంతులు. ఊరికే కూర్చున్నప్పుడు ఒళ్ళు ఖర్చు పెట్టే శక్తిలో మాత్రం ఐదో వంతు అదే లాగేసుకుంటుంది. దాచుకోవడానికి దానికి గాదె లేదు. ఎప్పటిదప్పుడు నెత్తురు మోసుకురావాలి. డెల్టా వాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు: మెయిన్ కాలవ నిండుగా పారుతున్నా పంటబోదె పూడిపోతే చివరి పొలం ఎండుతుంది. బీపీ, షుగరు, చెడ్డ కొలెస్ట్రాల్, ఈ మూడూ మెదడులో చేసేది పంటబోదెలు పూడ్చే పనే. అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు దారి వేరు, అక్కడ మెదడు కణాల మధ్య, లోపల కొన్ని ప్రోటీన్లు పేరుకుపోతాయి. కానీ ముసలితనంలో చాలామందికి ఈ రెండూ కలిసే ఉంటాయి. పైకి లక్షణాలు కనబడటానికి పదిహేను ఇరవై ఏళ్ళ ముందే లోపల పని మొదలైపోతుంది. డెబ్బై అయిదులో మనవడి పేరు మర్చిపోయే మనిషికి, ఆ జబ్బు యాభై అయిదులో, ఆఫీసులో ఫైళ్ళన్నీ నోటి మీద చెప్పే రోజుల్లోనే అడుగుపెట్టి ఉంటుంది.

మన దేశంలో అరవై దాటినవాళ్ళలో డిమెన్షియా, అంటే ముదిరిన మతిమరుపు జబ్బు, ఎంతమందికి ఉందో 2023లో ఒక పెద్ద అధ్యయనం లెక్క కట్టింది. నూటికి 7.4 మంది, అంటే దాదాపు 88 లక్షలు. లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో, మనం మార్చుకోగలిగిన కారణాలు 14 ఉన్నాయనీ, వాటిని సరిదిద్దుకుంటే 45 శాతం కేసులను ఆపడమో వాయిదా వేయడమో వీలవుతుందనీ చెప్పింది. ఆ పద్నాలుగింట్లో "తిండి" అనే పేరు విడిగా లేదు. కానీ బీపీ ఉంది, షుగరు ఉంది, ఊబకాయం ఉంది, చెడ్డ కొలెస్ట్రాల్ ఉంది. అన్నీ కంచం మీదుగా వెళ్ళేవే.

ఇప్పుడు మీలో కొందరు యూట్యూబ్‌లో వినే ఉంటారు, మైండ్ డైట్ అని. షికాగోలోని రష్ యూనివర్సిటీలో మార్తా క్లేర్ మోరిస్ అనే ఆవిడ బృందం తయారుచేసింది. ఆకుకూరలు, బెర్రీ పండ్లు, గింజలు, పప్పుధాన్యాలు, చేప, ఆలివ్ నూనె. వెన్న, మిఠాయిలు, వేపుళ్ళు తక్కువ. 2015లో వాళ్ళు వేసిన లెక్క అందరినీ ఊపేసింది. ఆ పద్ధతిని గట్టిగా పాటించినవాళ్ళలో అల్జీమర్స్ ముప్పు 53 శాతం తక్కువగా కనబడింది. పేపర్లన్నీ రాశాయి. తర్వాత సంగతి అంతగా రాయలేదు. 604 మందిని రెండు గుంపులు చేసి మూడేళ్ళు నడిపిన ప్రయోగం ఫలితం 2023లో వచ్చింది. ఒక గుంపుకు మైండ్ డైట్. రెండో గుంపు మామూలు తిండే, కాస్త తగ్గించి తినమన్నారు. రెండు గుంపులవాళ్ళూ బరువు తగ్గారు, రెండు గుంపులకూ పరీక్షలో మార్కులు కాస్త పెరిగాయి. తేడా? చెప్పుకోదగ్గది లేదు.

దీన్ని బట్టి తిండి దండగ అనేవాళ్ళున్నారు. నేను అలా చదువుకోను. ఇరవై ఏళ్ళలో పెరిగే జబ్బును మూడేళ్ళలో కొలవడం కష్టం, అదొకటి. ఆలివ్ నూనె, బ్లూబెర్రీ లాంటి పేర్లు చూసి మనం గాభరాపడక్కర్లేదు, అది రెండోది. ఫిన్లండ్‌లో ఫింగర్ అనే ప్రయోగం 2015లో బయటికొచ్చింది. 60 నుంచి 77 ఏళ్ళ వయసువాళ్ళు, 1260 మంది. అక్కడ తిండి ఒక్కటే కాదు, నడక, వ్యాయామం, బుర్రకు పని, బీపీ షుగర్ల అదుపు అన్నీ కలిపి రెండేళ్ళు చేయించారు. ఫలితం కనబడింది. ఫిన్లండ్ వాళ్ళు ఫిన్లండ్‌లో దొరికే రై రొట్టె, వాళ్ళ సముద్రం చేప తిన్నారు. మన ఇడ్లీ తినలేదు. మనం వాళ్ళ రై రొట్టె తినాల్సిన పనీ లేదు.

అందుకే నేను నిలకడ అనే మాట వాడతాను. తిండికి నిలకడ మూడు చోట్ల ఉండాలి: మన నాలుక మీద, మన జేబులో, మన పొలంలో. నాలుక ఒప్పుకోనిది పది రోజులు. జేబు ఒప్పుకోనిది పది వారాలు. పొలం ఒప్పుకోనిది పదేళ్ళో ఇరవయ్యేళ్ళో నడిచి నేలో నీళ్ళో చేతులెత్తేస్తాయి. మెదడుకు కావాల్సింది ముప్పై ఏళ్ళ తిండి కాబట్టి ఈ మూడోది కూడా వైద్యుడు మాట్లాడాల్సిన విషయమే అని నాకు ఈ మధ్యే తెలిసొచ్చింది. కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ మన జిల్లాల కథ ఒకటి చెప్తాను. హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, ఎన్ఐఎన్. అది పుట్టింది హైదరాబాదులో కాదు. 1918లో నీలగిరుల్లో, కూనూరులో, మెకారిసన్ అనే సైనిక వైద్యుడు ఒక్క గదిలో మొదలుపెట్టాడు. 1958లో హైదరాబాదుకొచ్చింది. ఆ ఒక్క గదికి మొదట అప్పజెప్పిన పని ఏమిటో తెలుసా? నరాలనూ గుండెనూ దెబ్బతీసే బెరిబెరి అనే జబ్బు మీద విచారణ. ఆ బెరిబెరి అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో ఎక్కువగా ఉన్న చోటేది? సర్కారు జిల్లాలు. మనమే.

ఎందుకంటే మనం పచ్చి బియ్యం తినేవాళ్ళం. మర మిల్లులు వచ్చాక తవుడు మొత్తం పోయి బియ్యం మల్లెపువ్వుల్లా వచ్చాయి. పైగా నాలుగుసార్లు కడిగి, గంజి వార్చి పారబోశాం. తవుడులో ఉన్న థయామిన్, అంటే బి1 విటమిన్, కొంత మిల్లులో, మిగిలిన కాస్తా గంజిలో పోయింది. ఉప్పుడు బియ్యం తినేచోట ఈ జబ్బు పెద్దగా లేదు. వడ్లను ఉడకబెట్టినప్పుడు పై పొర విటమిను గింజ లోపలికి ఇంకిపోతుంది, తర్వాత మర పట్టినా మిగులుతుంది. జావాలో ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు అంతకు ముందే కోళ్ళకు తెల్లబియ్యం పెడితే కాళ్ళు పడిపోతున్నాయనీ, తవుడు కలిపితే లేచి తిరుగుతున్నాయనీ చూశాడు. 1929లో నోబెల్ ఇచ్చారు. నరాల మీద, మెదడు మీద తిండి ఎలా పనిచేస్తుందో ప్రపంచానికి తెలిసిన మొదటి పాఠాల్లో ఒకటి మన అన్నం గిన్నెలోంచి వచ్చిందండీ. మా నాయనమ్మ గంజిలో ఉప్పేసుకుని తాగేది. బీద అలవాటని మా ఇంట్లో నవ్వేవాళ్ళం. ఆవిడకు బి1 అంటే తెలీదు గానీ పారబోయకూడదని తెలుసు.

ఇప్పుడు బెరిబెరి మాట వినం. పప్పులూ కూరలూ తింటున్నాం కాబట్టి. బాగా తాగేవాళ్ళలో మాత్రం అదే బి1 లోపం జ్ఞాపకశక్తినే కొట్టేస్తుంది, నేను చూశాను. మిగతా మనకు తెల్లన్నం చేటు ఇవాళ ఇంకో దారిలో, షుగరు రూపంలో వస్తోంది. దేశంలో షుగరు ఉన్నవాళ్ళు 10 కోట్లు దాటారని 2023లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం తేల్చింది. బాపట్ల మనకిచ్చిన వరం 5204, సాంబ మసూరి, 1986 నుంచి తింటున్నాం. నాకూ అదే ఇష్టం, దాన్ని తిట్టడానికి నేను రాలేదు. కంచంలో అన్నం కొండలా, కూర గులకరాయిలా ఉండటం మీదే నా గొడవ. ఎన్ఐఎన్ 2024 మార్గదర్శకాల్లో రోజుకు 2000 కేలరీల కంచం ఇలా ఉంది: ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు ఆకుకూరలతో కలిపి 400, పండ్లు 100, పాలు పెరుగు 300 మిల్లీలీటర్లు, గింజలు 35 గ్రాములు. చూడండి, కూరగాయలు ధాన్యం కంటే ఎక్కువ. మనింట్లో ఆ తూకం ఎప్పుడన్నా వచ్చిందా?

కొర్రలు తినమంటారా అని అడగబోతున్నారు, ముందే చెప్తాను. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అని ఉంది. అక్కడి సంఘాల ఆడవాళ్ళు వానాధార చెలకల్లో జొన్న, కొర్ర, కంది, అనుము కలిపి వేసి, విత్తనం ఇంట్లోనే దాచుకుంటారు. 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ళ ఈక్వేటర్ బహుమతి వాళ్ళకు వచ్చింది. అది ఆ నేలకు తగిన తిండి, వాళ్ళ జేబుకు తగిన తిండి. మనం తెనాలిలో కూర్చుని, ప్యాకెట్టులో వచ్చిన కొర్రలను సన్నబియ్యానికి రెండింతలు పెట్టి కొనుక్కుని, మెత్తగా పిండి పట్టించి జావ కాచుకుని తాగి, షుగరు ఎందుకు తగ్గలేదని నా దగ్గరకొస్తే నేనేం చెప్పను? మెత్తటి పిండి ఏ ధాన్యానిదైనా చక్కెరను గబుక్కున పెంచుతుంది. జొన్న రొట్టె తినండి, బాగుంటుంది. వారంలో మూడు రాత్రుళ్ళు తింటే అన్నం మీద భారం తగ్గుతుంది. వరికి నీళ్ళు ఎక్కువ, నిలవ నీటి మడి నుంచి మీథేన్ వస్తుంది, మిషను కోతలొచ్చాక గడ్డి తగలబెట్టడం మన దగ్గరా చూస్తున్నాం. ఆ పొగ కూడా మెదడుకు చేటే, గాలి కాలుష్యం ఆ 14 కారణాల్లో ఉంది. కానీ పస్తాపూర్ నుంచి నేర్చుకోవాల్సింది కొర్ర కాదు, తమ నేలలో ఏది పండుతుందో దాన్ని తినడం.

మరి మన నేలలో ఏముంది? మినుము! ఇక్కడ రైతు కుటుంబాల వాళ్ళు ఎంతమంది ఉన్నారు, చేతులెత్తండి. సగం పైనే. అయితే మీకు తెలిసిందే చెప్తున్నాను. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, పొలంలో పదునుండగానే మినుములు చల్లేవాళ్ళు. దున్నక్కర్లేదు, నీళ్ళు పెట్టక్కర్లేదు. మిగిలిన తేమ, మంచు, అంతే. కోసేటప్పుడు మొలకలు కాళ్ళ కింద పడేవి, అయినా లేచేవి. వేళ్ళ బుడిపెల్లో ఉండే బాక్టీరియా గాల్లో నత్రజనిని పట్టి నేలకు ఇచ్చేది. గుంటూరు దగ్గర లాం వ్యవసాయ పరిశోధన కేంద్రం ఎల్‌బీజీ మినుము రకాల్లో చాలా వాటిని ఈ పద్ధతికి తగ్గట్టు తెచ్చారు. ఒక పంట నీళ్ళతో రెండు పంటలు, మనిషికి పప్పు, గేదెకు మేత, నేలకు ఎరువు. ఇంతకంటే నిలకడ ఉన్న వ్యవసాయం ఎవరో వచ్చి మనకు నేర్పాలా?

తర్వాత మినుముకు పల్లాకు తెగులు వచ్చింది. బంగారు తీగ అనే కలుపు అల్లుకుంది. రైతు ఎన్నాళ్ళని నష్టపోతాడు? మొక్కజొన్నకు మళ్ళాడు. దానికి బోరు నీళ్ళు, యూరియా బస్తాలు కావాలి, గింజ ఎక్కువగా కోళ్ళ దాణాకు పోతుంది. మనం పొద్దున తినే ఇడ్లీలో మినుము మయన్మార్ నుంచి ఓడెక్కి వచ్చి ఉండొచ్చు. నేను రైతును తప్పుపట్టను. తెగులు తట్టుకునే విత్తనం, కొనే దిక్కు చూపించకుండా "పప్పులు పండించండి" అనడం నాకు సిగ్గుగా ఉంటుంది. మనం చేయగలిగింది తినడం. పొట్టు తీయని మినప్పప్పుతో ఇడ్లీ, దిబ్బరొట్టె, పెసరట్టు, కందిపప్పులో తోటకూర, గోంగూర, పాలకూర. పప్పు, ఆకు కలిపి వండటం మన వంటకు ప్రాణం. అందులో ఫోలేట్ అనే బి విటమిన్ ఉంటుంది, పీచు ఉంటుంది, చక్కెర నెమ్మదిగా ఎక్కుతుంది. ఫోలేట్, బి12 విటమిన్ తగ్గితే నెత్తుట్లో హోమోసిస్టీన్ అనే పదార్థం పెరుగుతుంది, అది మెదడు రక్తనాళాలకు మంచిది కాదు.

బి12 గురించి ఒక నిమిషం ఎక్కువ తీసుకుంటాను. కొన్నేళ్ళ క్రితం ఒక మాస్టారిని కొడుకు తీసుకొచ్చాడు. శాకాహారి, పన్నెండేళ్ళుగా షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. దారి మర్చిపోతున్నారు, చెప్పిందే చెప్తున్నారు, కాళ్ళు తిమ్మిర్లు. ఇంట్లో అందరూ అల్జీమర్స్ అని నిశ్చయించుకుని, ఆయన ముందే ఆస్తి పంపకాలు మాట్లాడుతున్నారు. బి12 పరీక్ష చేస్తే అడుగంటి ఉంది. ఇంజెక్షన్లు మొదలుపెట్టాం. నాలుగు నెలలకు ఒంటరిగా బజారుకు వెళ్ళి వచ్చారు. అందరికీ ఇలా జరగదు, ఆలస్యమైతే నరాలు పూర్తిగా కోలుకోవు. బి12 మొక్కల్లో ఉండదండీ. పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసం. గుడ్డు కూడా ముట్టనివాళ్ళు, మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్ళుగా వాడేవాళ్ళు ఒకసారి పరీక్ష చేయించుకుని, తక్కువైతే మాత్ర వేసుకోండి. నేల మేలు కోరి మాంసం మానేద్దామనుకునే మీ మనవలకూ ఇది చెప్పండి.

చేపలు తినేవాళ్ళకు నా మాట చిన్నది: చిన్న చేప తినండి. నిజాంపట్నం నుంచి వచ్చే కవళ్ళు, కానాగడతలు. వాటిలో ఒమేగా-3 అనే మంచి కొవ్వు నేరుగా ఉంటుంది. అవిసె గింజల్లో ఉండే రకాన్ని మన ఒళ్ళు మార్చుకోవాలి, కొంచెమే మార్చుకోగలదు. చిన్న చేపలో పాదరసం అంతగా పేరుకోదు, సముద్రంలో త్వరగా మళ్ళీ పెరుగుతుంది, ధర తక్కువ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ రెండు నెలలూ గుడ్డుతో సరిపెట్టుకోండి. ఎండు నెత్తళ్ళలో ఉప్పు చూసుకోండి.

ఉప్పు అన్నాను కాబట్టి ఇంటి లెక్క ఒకటి. మనిషికి రోజుకు ఉప్పు 5 గ్రాములు, నూనె నెయ్యితో కలిపి 27 గ్రాములు. నలుగురున్న ఇంటికి నెలకు ఉప్పు 600 గ్రాములు, నూనె మూడున్నర లీటర్లు. ఆవకాయ జాడీలో పోసిన ఉప్పు కూడా అందులోదే! ఇవాళ ఇంటికి వెళ్ళి, పోయిన నెల కిరాణా చీటీ తీసి చూడండి. ఇంకేం చేయొద్దు, చూడండి చాలు. అమెరికాలో బీపీని గట్టిగా అదుపు చేసినవాళ్ళలో జ్ఞాపకం మందగించడం 19 శాతం తక్కువని 2019లో తేలింది. నాకు తెలిసి మెదడు కోసం మన ఇళ్ళల్లో చేయగలిగిన పెద్ద పని ఈ ఉప్పు డబ్బా దగ్గరే ఉంది.

ఇక మీరు అడగండి.

(ప్రశ్న: కొబ్బరినూనె అల్జీమర్స్‌ను తగ్గిస్తుందని వీడియో చూశాం.)

నేనూ చూశాను. నిరూపణ లేదండీ. దాంట్లో గడ్డకట్టే కొవ్వు ఎక్కువ. నెయ్యీ అంతే, ముద్దపప్పు మీద ఒక చెంచా వేసుకోండి, ఆ 27 గ్రాముల్లోంచి. పామాయిల్ గురించి కూడా అడగండి మరి. మనం వండే నూనెలో సగానికి పైగా విదేశాల నుంచే వస్తోంది, అందులో ఎక్కువ ఇండోనేషియా, మలేషియా పామాయిల్. బిస్కెట్లో, హోటల్ పూరీలో అడగకుండానే తినేస్తున్నాం.

(ప్రశ్న: పసుపు?)

కూరలో వేస్తారుగా, వేయండి. మాత్రలు కొనకండి. అందులోని కర్కుమిన్‌ను పేగు సరిగ్గా పీల్చుకోదు, మతిమరుపు ఆపుతుందనే రుజువూ రాలేదు.

(ప్రశ్న: మాకిప్పుడు డెబ్బై రెండు. ఇప్పుడు మొదలుపెట్టి ఏం లాభం?)

ఫిన్లండ్‌లో 77 ఏళ్ళవాళ్ళు కూడా ఉన్నారన్నాను కదా. బీపీ తగ్గితే పక్షవాతం ముప్పు ఏ వయసులోనైనా తగ్గుతుంది. ఇంకో సంగతి, మీ ఇంట్లో నలభై ఏళ్ళ కొడుకో కోడలో మీరు తిన్నదే తింటున్నారు.

(ఒక సభ్యురాలు: డాక్టరుగారూ, పప్పులో ఆకుకూర అంటే కోసేది మేము, కడిగేది మేము. జొన్న రొట్టె అంటే తట్టేది మేము. మీరు మగవాళ్ళకు చెప్పి వెళ్ళిపోతారు. చప్పట్లు.)

ఒప్పుకుంటానమ్మా. ఇందాక మూడు చోట్ల నిలకడ అన్నాను, నాలుగోది మర్చిపోయాను. వండే మనిషి నడుము. అది ఒప్పుకోకపోతే ముప్పై ఏళ్ళు కాదు కదా, మూడు వారాలు కూడా సాగదు. ఇక్కడున్న మగవాళ్ళందరికీ పెన్షన్ వస్తోంది, పొద్దున్నే పేపరు చదవడానికి గంటన్నర ఉంది. తోటకూర కట్ట వలవడానికి పదిహేను నిమిషాలు చాలు. నేను మా ఆవిడకు మోకాలి ఆపరేషనయ్యాక జొన్న రొట్టె నేర్చుకున్నాను. వేడినీళ్ళతో పిండి కలపాలని కూడా నాకు తెలీదు, మొదటి వారం ఒక్కటీ పెనం దాకా చేరలేదు. ఇప్పుడు పది తడితే ఏడు గుండ్రంగా వస్తున్నాయి. విరిగిన మూడూ నా కంచంలోవి.